డే లిల్లీ అని ఉల్లిగడ్డల్లాంటివి వస్తే ఆ రోజే వెనక్కి పంపేయండి

మిద్దె తోట వాళ్ళందరికీ ఒక మాట. ఆన్‌లైన్‌లో "డే లిల్లీ బల్బ్స్, 12 గడ్డలు, 6 రంగులు" అని కాంబో ప్యాక్ కనిపిస్తే కాస్త ఆగండి. నేను ఆగలేదు. 749 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అటుంచితే, వానాకాలం సగం దాని వెనకే పోయింది.

ఈ పిచ్చి అంటించింది మా చెల్లి. ఉండేది న్యూజెర్సీలో. ఇంటి ముందు దారి పక్కన విరగబూసిన పసుపు పూల ఫొటో పంపింది. డే లిల్లీల్లో స్టెల్లా డి ఓరో అనే రకమట, 1975 నాటిది, అక్కడ మాల్స్ పార్కింగుల్లో కూడా ఇవే ఉంటాయట. "నేనేం చెయ్యనక్కా, వాటంతట అవే పూస్తాయి" అంది. ఆఫీసు, పిల్లల స్కూలు, రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళు... నాలాంటి దానికి అంతకంటే ఏం కావాలి? ఆ రాత్రే వెతికి ఆర్డర్ పెట్టేశాను. ఫొటోలో ఉన్న ఆరు రంగుల్లో ఒకటి ముదురు నీలం. నిజం చెప్పాలంటే దాని కోసమే కొన్నాను.

పార్సిల్‌లో న్యూస్‌పేపర్ చుట్టిన చిన్న చిన్న గడ్డలు వచ్చాయి. మా అత్తమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, గోటితో పైపొర గిల్లి, "ఇది ఉల్లిగడ్డ లెక్కనే ఉన్నది కదమ్మా" అంది. ఆవిడకేం తెలుసులే అని నవ్వి ఊరుకున్నాను. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే ఈ పోస్టు అవసరమే ఉండేది కాదు.

జూన్‌లో నాటాను. మూడు కుళ్ళిపోయాయి. మిగతా తొమ్మిదీ ఉల్లికాడల్లా సన్నటి ఆకులు వేశాయి. ఆగస్టులో రెండు రోజులు ముసురు పట్టి వదిలాక, ఒక పొద్దున చూస్తే అన్నింట్లో గులాబీ రంగు పూలు. రెయిన్ లిల్లీలు! మా ఎదురింటి ఆంటీ గేటు పక్కన గడ్డిలా పెరిగే మొక్క. అడిగితే దోసెడు గడ్డలు ఊరికే ఇస్తుంది. నీలం లేదు, పసుపు లేదు, తొమ్మిదీ ఒకే రంగు.

అమ్మినవాళ్ళకి ఫొటోలు పెడితే "వాతావరణాన్ని బట్టి రంగు మారుతుంది మేడమ్" అన్నారు. రంగు సరే, మొక్క కూడా మారుతుందా అని అడిగాను. ఇక జవాబు లేదు. యాప్‌లో చూస్తే రిటర్న్ గడువు ఏడు రోజులే, అదెప్పుడో అయిపోయింది. పువ్వు రావడానికి రెండు నెలలు, వెనక్కి పంపడానికి ఏడు రోజులు. ఈ మోసమంతా ఆ తేడా మీదే నడుస్తోంది.

అందుకే పువ్వు కోసం చూడొద్దు, వేరు చూడండి. డే లిల్లీకి అసలు గడ్డ ఉండదు. ఈ ముక్క చెల్లెలు తర్వాత ఫోన్‌లో చెప్పింది, "గడ్డలేంటే?" అని నవ్వుతూ. లావుగా, కండపట్టిన వేళ్ళు గుత్తిగా ఉంటాయి. కొన్నింటికి మధ్యలో బుడిపెలు కూడా ఉంటాయి, పిల్లితీగ, అంటే శతావరి వేళ్ళు చూసినవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. పైన ఆకులు రెండు వైపులా విసనకర్రలా విచ్చుకుంటాయి. అనుమానం ఉంటే వచ్చినవాటిలో ఒకటి అడ్డంగా కోయండి. ఉల్లిలా పొరలు కనిపిస్తే అది డే లిల్లీ కాదు, ఇంకేదైనా కావచ్చు.

ఇక నీలం విషయం. డే లిల్లీలో నమోదైన రకాలు 80 వేలకు పైనే ఉన్నాయి. అచ్చమైన నీలం పువ్వు వాటిలో ఒక్కటీ లేదు. ఊదా ఉంటుంది, మధ్యలో నీలి ఛాయ కొట్టేవి ఉంటాయి, అంతే. నీలం ఫొటో పెట్టారంటే అది కంప్యూటర్‌లో వేసిన రంగే. విత్తనాల ప్యాకెట్ల జోలికి కూడా పోకండి. అవి నిజమైనవే అయినా పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, తల్లి మొక్క రంగే వస్తుందన్న గ్యారంటీ లేదు.

నర్సరీలో కూడా ఉత్త "లిల్లీ" అని అడగకండి. మన దగ్గర పూల మార్కెట్లో లిల్లీ అంటే నేలసంపెంగే ఇస్తారు. నేను చివరికి ఒక నర్సరీలో పువ్వుతో ఉన్న కుండీనే తెచ్చుకున్నాను, నారింజ రంగుది. ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది, కానీ ఒకే కాడకి మొగ్గలు వరసగా విచ్చుకుంటాయి. వేళ్ళూ ఆకులూ కలిసే మొదలు అంగుళం లోతులోనే ఉండాలి, ఇంకా లోపలికి పెడితే కుళ్ళుతుంది. "ఏమీ చెయ్యక్కర్లేదు" అనేది నేలలో పాతుకున్న మొక్క సంగతి. మిద్దె మీద కుండీలో, మే నెల ఎండలో, నీళ్ళు పోయకపోతే నిలవదు. ఇంకొకటి, ఇంట్లో పిల్లి ఉంటే ఈ మొక్క వద్దే వద్దు, ఆకు కొరికినా దాని కిడ్నీలు పాడవుతాయి.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్ళు పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, వేళ్ళు కనిపించేలా. యాప్‌వాళ్ళు వినకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో తేల్చాలి. నా దగ్గర వీడియో లేదు. నా డబ్బులు రాలేదు.

నిన్న మళ్ళీ చూశాను. అదే ఫొటో, అదే నీలం పువ్వు, ఇప్పుడు "మెగా కాంబో" అని 899కి పెట్టారు. కింద ఐదు నక్షత్రాల రివ్యూలు బోలెడు. అందరూ "ప్యాకింగ్ బాగుంది" అనే రాశారు. పూసిన పువ్వు ఫొటో ఒక్కరూ పెట్టలేదు.