ఫ్లట్టర్ కలర్ టైప్: మెరూన్ పెడితే నేవీ బ్లూ వచ్చింది

నాలుగేళ్లుగా బెజవాడలో కూర్చుని చిన్న చిన్న షాపులకు ఫ్లట్టర్‌తో (యాప్‌లు తయారుచేసే గూగుల్ వాళ్ల సాధనం) యాప్‌లు చేసిపెడుతున్నాను. ఇందులో రంగంటే స్ట్రింగూ (అక్షరాల వరస) కాదు, ఉత్త నంబరూ కాదు. కలర్ అని దానికో సొంత టైప్, అంటే అది ఏ రకం విలువో కోడ్‌లో చెప్పే పేరు. మొదట్లో చాదస్తం అనిపించింది. ఇప్పుడు అది లేకపోతే నాకు తోచదు, అయినా దాంతో నాకు పేచీలున్నాయి.

ముందు మంచి చెప్తాను. రంగు అడిగిన చోట నంబర్ ఇస్తే కంపైలే అవదు, అంటే కోడ్ యాప్‌గా మారదు. రంగు ముదురు చేయాలంటే హెచ్‌ఎస్‌ఎల్‌కలర్ అనే ఇంకో టైప్‌లోకి మార్చి, లైట్‌నెస్ తగ్గించి, టుకలర్‌తో వెనక్కి తెచ్చుకోవాలి. ఆ చివరిది మర్చిపోతే ఎడిటర్ అక్కడికక్కడే ఎర్రగీత పెడుతుంది. బూడిద రంగులో ఒక ఛాయ కోసం గ్రే[300] అని రాస్తే నల్ (ఖాళీ) కూడా రావచ్చంటుంది, షేడ్300 అంటే ఆ గొడవ లేదు.

పేచీ ఎక్కడంటే, లోపలి అంకెల దగ్గర. ఓ బట్టల షాపు యాప్‌లో బిల్లు బటన్‌కి మెరూన్ కావాలన్నారు. కోడ్ 800000. ముందు జీరో ఎక్స్ తగిలించి అలాగే పెట్టేశాను. ఓనరు గారు ఫోన్ చేసి, "తమ్ముడూ, బిల్లు బటన్ తీసేశావా?" అన్నారు. తీయలేదు. ఫ్లట్టర్‌కి ఎనిమిది అంకెలు కావాలి, మొదటి రెండూ ఆల్ఫా, అంటే రంగు ఎంత దట్టంగా కనిపించాలో చెప్పేవి. నేను ఆరే ఇచ్చాను కాబట్టి ఆల్ఫా సున్నా అయి, బటన్ గాజులా అయిపోయింది. తెల్ల తెర మీద తెల్ల అక్షరాలు. విచిత్రం, వేలు సరైన చోట పడితే బిల్లు వస్తూనే ఉంది! ముందు ఎఫ్‌ఎఫ్ (పూర్తి ఆల్ఫా) చేర్చాను, సరిపోయింది. డాక్యుమెంటేషన్‌లో ఉన్న సంగతే, నేనే చూసుకోలేదు.

రెండోసారి సగం పారదర్శకమైన మెరూన్ అడిగారు. డిజైన్ ఫైల్లో 80000080 అని ఉంది. వెబ్ వాళ్ల లెక్కలో ఆల్ఫా చివర వస్తుంది, ఇక్కడేమో ముందు. అవే అంకెలు ఇక్కడ చదివితే సగం పారదర్శకమైన నేవీ బ్లూ! ఎనిమిది అంకెలూ ఉన్నాయి, టైప్ సరిపోయింది, కంపైలర్ కిమ్మనలేదు.

2024 డిసెంబర్‌లో వచ్చిన ఫ్లట్టర్ 3.27తో ఈ టైప్ లోపల చాలా మారింది. అంతకుముందు రంగు మొత్తం 32 బిట్లలో ఉండేది; ఆల్ఫా, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోదానికి 8 బిట్లు. పారదర్శకత మార్చే విత్‌ఒపాసిటీకి 0.5 ఇస్తే అది 128కి రౌండ్ అయ్యేది, మళ్లీ అడిగితే 0.502 అనేది. ఇప్పుడు నాలుగూ డబుల్స్ (దశాంశ సంఖ్యలు), 0 నుంచి 1 దాకా. దాని బదులు వచ్చిన విత్‌వాల్యూస్‌కి 0.5 ఇస్తే 0.5 గానే ఉంటుంది. డిస్‌ప్లే పీ3 లాంటి పెద్ద గాముట్‌లు (తెర చూపగల రంగుల పరిధులు) కూడా పడతాయి. అప్‌గ్రేడ్ చేసిన రోజు నా ప్రాజెక్టంతా డిప్రికేటెడ్ (పాతబడింది, వాడొద్దు) వార్నింగులే, ఒక ఆదివారం పోయింది. పోతే పోయింది, మార్పు మంచిదే.

కానీ పాత విత్‌ఆల్ఫా ఇంకా ఉంది, అది 0 నుంచి 255 తీసుకుంటుంది. పాత అలవాటు కొద్దీ విత్‌వాల్యూస్‌లో ఆల్ఫాకి 128 అని రాశామనుకోండి, డార్ట్ (ఫ్లట్టర్ కోడ్ రాసే భాష) ఆ 128ని 128.0గా మార్చేసి ఊరుకుంటుంది. ఇక టైప్ ఉండి ఏం లాభం?

నా మార్కులు 5కి 3.5. ఇప్పుడు డార్ట్ 3.3లో వచ్చిన ఎక్స్‌టెన్షన్ టైప్‌తో (ఉన్న టైప్‌కి కొత్త పేరూ నియమాలూ తొడిగే పద్ధతి) శాతం అని ఒకటి చేసుకున్నాను, వంద దాటితే అసర్ట్ (తప్పుంటే ఆపేసే తనిఖీ) పడుతుంది. పారదర్శకత ఇచ్చే నా ఫంక్షన్ ఉత్త 128ని తీసుకోదు, శాతం(128) అని రాయాలి. అలా చేత్తో టైప్ చేస్తుంటే అసర్ట్ దాకా పోకముందే తప్పు నాకే కనిపిస్తోంది.