పన్నెండేళ్లుగా నీళ్లూ గ్యాసూ ఒకే సంస్థ నుంచి: నా అనుభవం

మా ఇంటికి నీళ్లు, పైపు గ్యాస్ రెండూ ఒకే సంస్థ ఇస్తుంది. అందులో సగానికి కాస్త పైన వాటా ఈ ప్రాంతపు మున్సిపాలిటీలది. మిగతా షేర్లు మార్కెట్లో ఉన్నాయి, ఎవరైనా కొనుక్కోవచ్చు. పన్నెండేళ్లుగా వాడుతున్నాను. పైపుల దగ్గర పనిచేసేవాళ్లకు నూటికి తొంభై మార్కులు వేస్తాను. బిల్లుల విభాగానికి మాత్రం పాస్ మార్కులు కూడా వేయలేను.

ముందు పైపులవాళ్ల సంగతి. ఒక రాత్రి వంటింట్లో గ్యాస్ వాసన వచ్చింది. ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేస్తే, స్విచ్‌లు ముట్టుకోవద్దు, కిటికీలు తీసి బయటికి వచ్చి నిలబడండి అన్నారు. నలభై నిమిషాలు కాకుండానే మనిషి వచ్చాడు. చిన్న మీటర్‌తో గదంతా చూసి, తర్వాత బ్రష్‌తో సబ్బు నురగ తీసుకుని ఒక్కో జాయింటుకూ రాశాడు. మూడో జాయింటు దగ్గర నురగలోంచి సన్నగా బుడగలు లేచాయి. వాషర్ మార్చి, మళ్లీ నురగ రాసి, బుడగ రాలేదని నాకు చూపించాక గానీ టార్చి ఆర్పలేదు. వెళ్లబోతూ నా గ్యాస్ డిటెక్టర్ చూసి ఆగిపోయాడు. సిలిండర్ రోజుల్లోలాగే దాన్ని నేలకు దగ్గరగా బిగించి ఉంచాను. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. పైపులో వచ్చేది చాలావరకు మీథేన్, గాలికంటే తేలిక, పైకి పోతుంది. డిటెక్టర్ సీలింగ్ దగ్గర ఉండాలి. అతను చెప్పకపోతే ఆ తప్పు ఇప్పటికీ అలాగే ఉండేది. పైపు గ్యాస్‌కి మారినవాళ్లు ఈ ఒక్కటీ ఈరోజే చూసుకోండి.

ఇక బిల్లు. మా నీళ్ల మీటర్ ఇంటి ముందు ఇనుప మూత కింద గుంతలో ఉంటుంది. రీడింగ్ తీసే మనిషి పద్నాలుగు నెలలు రాలేదు. అన్నాళ్లూ పాత వాడకాన్ని బట్టి లెక్కకట్టిన అంచనా బిల్లులే వచ్చాయి. అంచనా అన్న మాట బిల్లు కింద ఎక్కడో సన్న అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు. ఆ తర్వాత ఒకరోజు అసలు రీడింగ్ తీశారు. దాదాపు ఏడాది బిల్లంత మొత్తం ఒకేసారి వచ్చిపడింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. హెల్ప్‌లైన్‌లో ఒకరు రీడింగ్ కరెక్టే అన్నారు, మరొకరు ఫొటో పంపమన్నారు. మూడో వ్యక్తి, మీటర్ దాటాక లీకేజీ ఉంటే అది మీదే బాధ్యత అన్నారు. ఆ చివరి మాట నిజమే.

మూత తీసి చూశాను. అంకెల పక్కన నక్షత్రం ఆకారంలో చిన్న చక్రం ఉంటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసినా అది మెల్లగా తిరుగుతూనే ఉంది. రాత్రి 11 గంటలకు ఒకసారి, తెల్లవారి 5కి ఒకసారి రీడింగ్ రాసుకున్నాను. ఆ ఆరు గంటల్లో ఎవరూ నీళ్లు ముట్టుకోలేదు, అయినా 96 లీటర్లు పోయాయి. అంటే గంటకు 16, రోజుకు 384, నెలకు పదకొండున్నర వేల లీటర్లు. కారణం ఫ్లష్ ట్యాంకులో అరిగిపోయిన రబ్బరు. చప్పుడు లేదు, నేల మీద తడి లేదు, నీళ్లు నేరుగా డ్రైనేజీలోకి జారిపోతున్నాయి.

లీకేజీ నాదే, ఒప్పుకున్నాను, డబ్బు కట్టాను. కానీ రీడింగ్ వేళకు తీసి ఉంటే రెండో నెలకే తెలిసేది కదా? ఆ మాటే రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, ఆలస్య రుసుము తీసేసి వాయిదాలు ఇవ్వడానికి ఐదు నెలలు పట్టింది. అన్ని నీళ్లు ఊరికే పోయాయన్న బాధ మాత్రం ఇప్పటికీ పోలేదు.

అప్పటినుంచి ప్రతి నెలా ఒకటో తేదీన రెండు మీటర్లకూ ఫొటో తీసి రీడింగ్ నేనే పంపుతున్నాను. నల్ల అంకెలు పూర్తి ఘనపు మీటర్లు, ఎర్రవి దశాంశాలు. పంపాల్సింది నల్లవే. ఎర్రవి కూడా కలిపి రాస్తే వాడకం వందల రెట్లు పెరిగిపోతుంది. గ్యాస్ బిల్లులో యూనిట్లు చూసి కంగారు పడకండి. మీటర్ ఘనపు మీటర్లలో కొలుస్తుంది, మా బిల్లు కిలోవాట్ అవర్లలో వస్తుంది. ఒక ఘనపు మీటర్ గ్యాస్‌లో సుమారు 10 నుంచి 11 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది.

ఈ గొడవ వల్లే సంస్థ వార్షిక నివేదికలు చదవడం మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది, నీళ్లూ గ్యాసూ ఒకే బిల్లు మీద వచ్చినా రెండూ ఒకే రకం వ్యాపారం కాదని. గ్యాస్‌లో పైపు ఒకరిదైనా అమ్మేవాళ్లు పలువురు ఉండొచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2007 జూలై నుంచి ఇళ్లవాళ్లకూ అమ్మకందారును మార్చుకునే హక్కు వచ్చింది. నీళ్ల విషయంలో ఆ వీలు లేదు. వచ్చేది ఒకే పైపు, నచ్చకపోతే ఇల్లే మారాలి. కాబట్టి వాటా ఎవరిది అన్నదానికంటే, ఒప్పందంలో ఏముంది, రేటు ఎవరు నిర్ణయిస్తారు అన్నదే నాకు ముఖ్యం. బెర్లిన్ ఉదాహరణ చూడండి. 1999లో ఆ నగరం తన నీటి సంస్థలో 49.9 శాతం ప్రైవేటు కంపెనీలకు అమ్మింది. మెజారిటీ నగరం చేతిలోనే ఉంది, కానీ ఒప్పందాలు రహస్యంగా ఉండిపోయాయి. వాటిని బయటపెట్టాలని 2011లో జనం ఓటేసి గెలిచారు. 2012, 2013లలో నగరం ఆ వాటాలను తిరిగి కొనుక్కుంది.

ఇంకో సంగతి. ఇలాంటి సంస్థలకు చాలాచోట్ల నియంత్రణ సంస్థ, పెట్టిన పెట్టుబడి విలువ మీద ఇంత శాతం రాబడి అని అనుమతిస్తుంది. అలాంటప్పుడు మరమ్మతు ఖర్చుకంటే కొత్త ఆస్తి మీద ఖర్చు వైపే మొగ్గు ఉంటుందని 1962లోనే అవెర్చ్, జాన్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చూపించారు. మా వీధిలో మీటర్ల విషయంలో నాకూ అదే అనిపిస్తుంది, పాత పైపు విషయంలో మాత్రం దానికి తలకిందులుగా జరిగింది. మా వీధికి స్మార్ట్ మీటర్లు త్వరలో వస్తాయని కరపత్రం రెండుసార్లు పంచారు. అదే వీధిలో పాత నీళ్ల పైపు మూడేళ్లలో మూడుసార్లు పగిలింది. వచ్చిన ప్రతిసారీ సిబ్బంది తెల్లవార్లూ బురదలో నిలబడి క్లాంప్ బిగించి వెళ్లారు. వాళ్ల మీద నాకు గౌరవం. కానీ ఒకే పైపుకు మూడు క్లాంపులంటే, మార్చాల్సినదాన్ని అతుకులతో నెట్టుకొస్తున్నట్టే. వార్షిక నివేదికలో డివిడెండ్ ఎంతో మొదటి పేజీల్లోనే ఉంటుంది. మీటర్ దాకా చేరకుండా ఎన్ని నీళ్లు పోయాయన్నది చివరి పట్టికల్లో వెతుక్కోవాలి. అది కూడా మొదటి పేజీకి రావాలని రెండేళ్లుగా వినియోగదారుల సమావేశంలో అడుగుతున్నాను.

గ్యాస్ అమ్మకందారును మార్చుకునే వీలు మా దగ్గరా ఉంది. అయినా మారలేదు. ఎవరి దగ్గర కొన్నా, ఎమర్జెన్సీకి వచ్చేది పైపు ఉన్న ఈ సంస్థ మనుషులే. బిల్లుల విభాగం ఈ ఏడాది కాస్త మెరుగుపడింది, పంపిన రీడింగ్ అందినట్టు అదే రోజు మెసేజ్ వస్తోంది. పోయిన వారం మా వీధిలో ఆ పాత పైపు పొడవునా రోడ్డు మీద సున్నంతో గీతలు గీసి వెళ్లారు. తవ్వకం ఇంకా మొదలుపెట్టలేదు.