ఎర్ర బుగ్గకు పెడితే పచ్చ బుగ్గ పగిలింది: పాలమూరులో ఒక ఎయిర్ రైఫిల్ రేంజ్

పోయిన దీపావళి తర్వాత కురుమూర్తి జాతరలో, బుగ్గలు (బెలూన్లు) కాల్చే బండి దగ్గర నా పరువు పోయింది. ఎర్ర బుగ్గకు గురిపెడితే దాని ఎడమ పక్కనున్న పచ్చ బుగ్గ పగిలింది. పచ్చదానికి పెడితే ఆ పక్కన నీలంది. పది గుళ్లకు ఆరు బుగ్గలు పగిలాయి గానీ ఒక్కటి కూడా నేను అనుకున్నది కాదు. బండివాడికేం, ఏది పగిలినా లెక్కే. మా దోస్తు, బస్సు కండక్టర్ మాత్రం ఊరుకోలేదు. "డాక్టర్ సాబ్, ఊరందరి కండ్లు నువ్వు చూస్తవ్. నీ కండ్లు ఎవరు చూడాలె?" అన్నాడు.

నేను డాక్టర్‌ని కాదు. మహబూబ్‌నగర్‌లో కళ్లద్దాల దుకాణం నాది, ఇరవై రెండేళ్లయింది. ఆ రోజు గొట్టం వంకరగా ఉందని తుపాకీ మీదికి నెట్టేసి వచ్చాను. పంచాయితీ అక్కడ తెగలేదు. ఫిబ్రవరిలో జడ్చర్ల వెళ్లే దారిలో గాలి తుపాకులు కాల్చే రేంజ్ ఒకటుందని తెలిసి, కండక్టర్ డ్యూటీ మార్చుకుని మరీ మమ్మల్ని లాక్కెళ్లాడు. కండక్టర్, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, ఎరువుల దుకాణం సేటు, మా బావమరిది, నేను. ఐదుగురం. రేంజ్ పేరు రాయను. మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టేవీ ఉన్నాయి.

రేకుల షెడ్డు, మూడు లైన్లు, పది మీటర్ల దూరంలో చెక్క పలకల మీద అట్టలు. స్ప్రింగు రైఫిల్‌తో నలభై పెల్లెట్లకు, అంటే చిన్న సీసం గుళ్లకు, మూడు వందలు. గాలి సిలిండరు ఉన్న మంచి రైఫిల్ ఒకటే ఉంది, దానికి ఇరవై పెల్లెట్లకు ఐదు వందలు. అట్ట ఒక్కోటి పది రూపాయలు, అది విడిగా. ఆదివారం కాబట్టి రద్దీ. పదకొండుకు రమ్మన్నారు, పన్నెండున్నరకు లైను దొరికింది. అప్పటికి రేకులు కాలిపోతున్నాయి. రెండు ఫ్యాన్లున్నాయి, రెండూ కోచ్ కూర్చున్న వైపే తిరుగుతాయి.

"దీనికి లైసెన్స్ అక్కర్లేదా?" అని సేటు నాలుగుసార్లు అడిగాడు. ఇంట్లో వాళ్లకు చెప్పకుండా వచ్చాడు లెండి. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న గాలి తుపాకులకు ఆయుధ లైసెన్స్ నుంచి మినహాయింపు ఉంది. కోచ్ ఓపిగ్గా చెప్పాడు. ఆ కుర్రాడిలో నాకు నచ్చింది ఆ ఓపికే. ఇంకోటి, జాగ్రత్తల విషయంలో అసలు మొహమాటం లేదు. గొట్టం ఎప్పుడూ అట్టల వైపే ఉండాలి. తను చెప్పేదాకా పెల్లెట్ పెట్టకూడదు. కాల్చాలనుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. రైఫిల్ కింద పెడితే గొట్టం విరిచి తెరిచే పెట్టాలి. మా ఫొటోగ్రాఫర్ సెల్ఫీ కోసం రైఫిల్ పట్టుకుని మా వైపు తిరగబోయాడో లేదో, కోచ్ గొట్టాన్ని ఒక్క చేత్తో ముందుకు తోసి, "అన్నా, ఇంకోసారి ఇట్ల జేస్తే పైసలు వాపస్ ఇచ్చి పంపిస్త" అన్నాడు. వయసులో మాకంటే ఇరవై ఏళ్లు చిన్న. అందరం బడిపిల్లల్లా నిలబడ్డాం.

గోడ మీద గగన్ నారంగ్ ఫొటో ఉంది, మన హైదరాబాద్ షూటరే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినాయన. ఆ ఫొటో కిందే అసలు పోటీల అట్ట అంటించారు. అట్ట మీద వలయాలన్నీ కలిపినా 45.5 మిల్లీమీటర్లు. మధ్యలో పది మార్కులకు చుక్క అర మిల్లీమీటరు. నేను రోజూ కళ్లద్దాల ఫ్రేముల్లో స్క్రూలు బిగించేవాణ్ణి. ఆ స్క్రూ తల దీనికంటే పెద్దది. వెళ్లే గుండు 4.5 మిల్లీమీటర్లు, చుక్కేమో అర మిల్లీమీటరు. గుండు అంచు గీతకు తగిలినా పై మార్కే ఇస్తారట, అదొక్కటే దయ.

స్ప్రింగు రైఫిల్ గొట్టాన్ని ప్రతిసారీ కిందికి వంచాలి. బస్తాలు ఎత్తే అలవాటున్న సేటుకు అది ఆట. నాకు ఇరవైకల్లా భుజం లాగేసింది. ఒక విషయం మాత్రం నేర్చుకున్నాను. ఆ రైఫిల్ లోపల స్ప్రింగు కొట్టినప్పుడు మొత్తం ఎగురుతుంది, గట్టిగా అదిమి పట్టుకుంటే గుండు ఎటో పోతుంది. వదులుగా, అరచేతిలో ఊరికే ఆనించినట్టు పట్టుకోవాలి.

ఇక నా సంగతి. కోచ్ అందరికీ ఒకటే చెప్పాడు: కుడి భుజానికి ఆనించండి, రెండు కళ్లూ తెరిచే ఉంచండి. అలాగే చేశాను. పది గుళ్లు కాల్చి అట్ట తెప్పించుకుంటే ఒక్క చిల్లు లేదు. తెల్లగా, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఎడమ లైనులో మా బావమరిది పది కాల్చితే ఆయన అట్టకు పన్నెండు చిల్లులు. మిగతావి నా చెక్క పలక ఎడమ అంచుకు.

అప్పుడు వెలిగింది. ఎడమ పక్కకే ఎందుకు? జాతరలోనూ ఎడమ పక్కకే.

దుకాణంలో నేను చేసే పరీక్షే అది. రెండు చేతులూ చాచి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి, ఆ సందులోంచి దూరంగా ఉన్న ఏదో ఒకటి రెండు కళ్లతో చూడాలి. తర్వాత ఒక్కో కన్నూ మూయాలి. ఏ కన్ను తెరిచినప్పుడు ఆ వస్తువు సందులోనే ఉంటుందో, అది మీ పెత్తనం చేసే కన్ను. అక్కడే నిలబడి షెడ్డు మూలనున్న ఫ్యాను చూశాను. ఎడమ కన్ను. నేను కుడిచేతివాణ్ణి, కన్ను మాత్రం ఎడమది. రైఫిల్ కుడి భుజం మీద ఉంటే గొట్టం కొసనున్న గురి ముల్లును ఎడమ కన్ను పట్టుకుంటుంది, గొట్టం వెనక భాగం కుడి పక్కన ఉండిపోతుంది. ఇక గొట్టం ఎడమకు తిరగక ఏం చేస్తుంది? ఇరవై రెండేళ్లుగా జనాలకు చేస్తున్న పరీక్ష నాకు నేను చేసుకోలేదు. ఈ మాట కండక్టర్‌కు చెప్పడానికి పావుగంట పట్టింది, వాడు నవ్వడానికి ఇంకో పావుగంట.

ఎడమ అద్దం మీద కాగితం ముక్క అంటించి మళ్లీ కాల్చాను. పది గుళ్లూ అట్ట మీదే పడ్డాయి, నూటికి నలభై ఆరు. తక్కువే గానీ నాకు ఎక్కువే. మిగిలిన మసక నా వయసుది. గురిచూసేటప్పుడు అట్ట కాదు, ముందున్న గురి ముల్లు స్పష్టంగా కనిపించాలి. తల వంచి రైఫిల్‌కు చెంప ఆనిస్తే నా ప్రోగ్రెసివ్ (పైన దూరానికి, కింద దగ్గరికి నంబరున్న) అద్దాల పైమూల నుంచి చూడాల్సి వస్తుంది, అది దూరం చూసే భాగం. ముల్లు అలుక్కుపోయినట్టు కనబడింది.

ఐదు వందల రైఫిల్‌కు అందుకే డబ్బు పెట్టాను. దానికి వెనక చిన్న రంధ్రంలోంచి చూసే సైటు ఉంటుంది. కన్ను పెట్టగానే గురి ముల్లూ, అట్ట మీది నల్లటి గుండ్రమూ రెండూ పదునుగా వచ్చాయి. నేను చూపు పరీక్షలో వాడే పిన్‌హోల్ కథే ఇది: రంధ్రం చిన్నదైతే నంబరు తప్పుగా ఉన్నా బొమ్మ తేటపడుతుంది. వాళ్లు దాన్ని ఏదో విదేశీ గొప్పలా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ రైఫిల్‌తో అరవై ఎనిమిది. నలభై ఏళ్లు దాటినవాళ్లు స్ప్రింగు రైఫిల్ వదిలేసి నేరుగా దీనికే వెళ్లండి.

అందరికంటే బాగా కొట్టింది ఫొటోగ్రాఫర్, ఎనభై ఒకటి. షట్టర్ సగం నొక్కి, ఊపిరి బిగపట్టి, మిగతా సగం మెల్లగా నొక్కే వేలు ఆయనది. కండక్టర్ ముప్పై తొమ్మిది. టికెట్ మిషన్ నొక్కినట్టు ట్రిగ్గర్ టక్కున గుంజుతాడు, గుళ్లన్నీ కిందికే. ఇది ఇక్కడ రాస్తానని వాడికి ముందే చెప్పాను.

ఇక తిట్లు. పెల్లెట్లు సీసంవి. చేత్తో ఒక్కొక్కటి తీసి పెడతాం. ఆ చేతుల్తోనే కౌంటర్ మీద అమ్మే సమోసాలు తినాలి, ఎందుకంటే కుళాయి దగ్గర సబ్బు లేదు. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఐదు రూపాయల సబ్బు. అడిగితే "రేపు పెడ్తం సార్" అన్నాడు ఓనరు. రెండోది కళ్లద్దాలు. ఐదుగురికి రక్షణ అద్దాలు రెండే ఇచ్చారు, అందులో ఒకటి గీతలు పడి మసకబారింది. గుండు దేనికో తగిలి వెనక్కి వస్తే మామూలు గాజు అద్దం కంటికి కాపలా కాదు, అదే గుచ్చుకుంటుంది. పాలీకార్బొనేట్‌వి కావాలి. మూడోది, కుడి కన్నా ఎడమ కన్నా అని ఎవరినీ అడగరు. అర నిమిషం పని. దానికోసం నాలాంటివాళ్లు మూడు వందలు చెక్క పలకకు పోయాలి.

రెండు వారాల తర్వాత ఒక్కణ్ణే మళ్లీ వెళ్లాను. గురి ముల్లు తేటగా కనబడేలా కుడి కంటికి దూరం నంబరుకు ప్లస్ 0.75 కలిపి పాత ఫ్రేములో అద్దం వేసుకున్నాను. డెబ్బై నాలుగు వచ్చింది. కుళాయి దగ్గర సబ్బు ఉంది, దారంతో కట్టి. అద్దాలు మాత్రం ఇంకా ఆ రెండే. పోవాలనుకునేవాళ్లు ఆదివారం వద్దు, ఎండాకాలంలో అయితే పొద్దున పదికే వెళ్లండి, మీ రక్షణ అద్దాలు మీరు తీసుకెళ్లండి.

జాతరకు ఇంకా నెలలున్నాయి. ఎర్ర బుగ్గ అని చెప్పి ఎర్ర బుగ్గే కొడితే మటన్, జొన్నరొట్టె తనదేనని కండక్టర్ ఇప్పుడే పందెం కట్టాడు. ఆ రోజు నా ఎడమ కంటికి కాగితం అంటించనియ్యనని కూడా అంటున్నాడు.