మే క్లాంగ్ లువాంగ్ కారెన్ పల్లె: మా అనుభవం

జనవరిలో తిరుపతి నుంచి నలుగురం థాయిలాండ్ వెళ్లాం. చియాంగ్ మాయ్‌లో ఒక ఏజెంటు పొడుగు మెడల ఆడవాళ్లతో ఫొటోలు దిగే టూర్ ఉందన్నాడు, వద్దన్నాం. మెడకు ఆ ఇత్తడి చుట్లు వేసుకునేది కారెన్‌లలో (థాయిలాండ్, మయన్మార్ కొండల్లో ఉండే తెగ) కయాన్ శాఖవాళ్లు, నిజానికి మెడ సాగదు, బరువుకి కంఠం కింది ఎముకలు దిగిపోతాయి, అలాంటి మనుషుల్ని టికెట్ పెట్టి చూడ్డానికి నాకు మనసొప్పలేదు.

దోయ్ ఇంథనాన్ (2,565 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైన కొండ) మీదున్న మే క్లాంగ్ లువాంగ్‌కి వెళ్లాం. ఫా దోక్ సియావ్ జలపాతం దారిలో ఊరి గైడ్‌ని పెట్టుకునే నడవాలి. మన తలకోనలో వన సంరక్షణ సమితి వాళ్లు చూసుకున్నట్టే, ఇక్కడా ఊరివాళ్లదే పెత్తనం, నాకు బాగా నచ్చింది అదే.

రాత్రి ఒకరింట్లోనే పడుకున్నాం. అన్నంలోకి నూరిన మిరపకాయల కారం పెట్టారు, అచ్చం మన సీమ ఊరిబిండి పచ్చడే! పొద్దున ఆ ఇంటి అక్క నడుముకు పట్టీ కట్టుకుని, వెనక్కి వాలి తన ఒంటి బరువుతోనే పడుగు బిగిస్తూ నేస్తోంది. ఫొటో తీయొచ్చా అని సైగ చేస్తే కూర్చోమంది, చాలాసేపు చూశాక తనే తలూపింది. అక్కడే కండువా కొన్నాను, బేరం ఆడలేదు.

పెళ్లికాని అమ్మాయిలు తెల్లటి పొడుగు బట్టలు వేసుకుంటారు, అడక్కుండా కెమెరా ఎత్తకండి. చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోవద్దు. థ్యాంక్స్ చెప్పాలంటే కారెన్ భాషలో 'తా బ్లూ' అనండి, ముఖం వెలిగిపోతుంది వాళ్లకి.