ఫైకస్ బోన్సాయ్‌కి ఇటుక ముక్క, సిండర్: ఐదారేళ్లు వాడాక

మా మేడ మీద ఫైకస్ బోన్సాయ్‌లన్నీ ఇప్పుడు ఒకే మిశ్రమంలో ఉన్నాయి. ఇటుక ముక్క రెండు పాళ్లు, సిండర్ (కాలిన బొగ్గు గడ్డలు) రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్ట్ రెండూ కలిపి ఒక పాలు. హైదరాబాద్ ఎండకీ, మా బోరు నీళ్లకీ ఐదారేళ్లుగా తట్టుకుని నిలిచింది ఇదే. ఈలోగా నర్సరీ ఎర్రమట్టి, కోకోపీట్ ఎక్కువున్న మిశ్రమం, జపాన్ నుంచి వచ్చే అకాడమా మట్టి కూడా పక్కపక్కనే పెట్టి చూశాను.

ఫైకస్ మొండి చెట్టు. రావి, మర్రి, జువ్వి, మేడి అన్నీ ఫైకస్‌లే. పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచి, పిడికెడు మట్టి లేకుండా ఏళ్ల తరబడి బతికేయడం చూస్తూనే ఉంటాం. కాబట్టి మట్టి కుదరకపోతే చెట్టు చచ్చిపోతుందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. మంచి మిశ్రమానికీ మామూలు మట్టికీ తేడా తెలిసేది రెండు మూడేళ్ల తర్వాత కుండీలోంచి చెట్టు తీసినప్పుడు. ఎర్రమట్టిలో ఉన్నదానికి లావు వేళ్లు నాలుగు కుండీ గోడ చుట్టూ తిరిగి ఉంటాయి, మధ్యలో మట్టి రాయిలా ఉంటుంది. నీళ్లు పోస్తే పైన తడిసి, అంచుల వెంట జారి కిందికి పోతాయి. కోకోపీట్ ఎక్కువైన కుండీలో పై సగం బాగానే ఉంటుంది, అడుగున మాత్రం వేళ్లు నల్లబడి పులిసిన వాసన వస్తుంది. ఇటుక, సిండర్ మిశ్రమంలో సన్నటి వేళ్లు కుండీ అంతా పరుచుకుంటాయి. సిండర్ గడ్డల బొరియల్లోకి కూడా దూరిపోతాయి. బోన్సాయ్‌కి కావలసింది ఆ సన్న వేళ్లే. పైన కొమ్మలు దగ్గరదగ్గరగా చీలడం, ఆకు చిన్నదవడం తర్వాత సంగతి.

కారణం కుండీ లోతులోనే ఉంది. ఎంత నీరు కారిపోయినా అడుగున కొంత మందాన తడి నిలిచే ఉంటుంది. మట్టి ఎంత మెత్తనైతే ఆ తడి పొర అంత ఎత్తు. లోతు కుండీలో అది పెద్ద లెక్కలోది కాదు గానీ, రెండంగుళాల బోన్సాయ్ ట్రేలో దాదాపు సగం అదే. అడుగున గులకరాళ్లు, పెంకులు పరిస్తే నీరు దిగుతుందని చాలామంది చెబుతారు. దిగదు. తడి పొర రాళ్ల మీదికి జరుగుతుంది, వేళ్లకు ఉన్న చోటు ఇంకా తగ్గుతుంది. నేను రంధ్రానికి ప్లాస్టిక్ మెష్ ముక్క కట్టి, అడుగు నుంచి పైదాకా ఒకే మిశ్రమం నింపుతాను.

అందుకే ఏం కలిపారు అనే దానికంటే ఎలా జల్లించారు అన్నది ముఖ్యం. 2 నుంచి 6 మిల్లీమీటర్ల ముక్కే ఉంచుతాను. సన్న పొడి కొంచెం మిగిలినా నీళ్లతో పాటు దిగి అడుగున పేరుకుంటుంది. జల్లించాక కడగడం కూడా తప్పదు. సిండర్ కడిగిన నీళ్లు కాటుకలా వస్తాయి, తెల్ల చొక్కాతో ఆ పని పెట్టుకోకండి. కోకోపీట్‌ని కూడా ఉప్పు పోయేదాకా రెండు మూడు నీళ్లలో నానబెట్టి పిండాలి.

ఇటుక బాగా కాలినదై ఉండాలి. రెండు ఇటుకలు కొడితే ఖంగుమనాలి. పగలగొట్టిన ముక్కలు రాత్రంతా నీళ్లలో వేసి, పొద్దున వేళ్లతో నలిపితే బురద కాకూడదు. బూడిదరంగు ఫ్లైయాష్ ఇటుకలు వద్దు, వాటిలో సిమెంటో సున్నమో ఉంటుంది. పాత ఇల్లు కూలగొట్టిన ఇటుకలు బాగుంటాయి, అంటుకున్న సిమెంటు పూర్తిగా గీకేస్తేనే. సిండర్ అంటే బొగ్గు కాలగా మిగిలే గుల్ల గడ్డలు. బాత్రూంల కింద లోతుగా దించి కట్టే సంక్ స్లాబుల్లో నింపేది అదే కాబట్టి బిల్డింగ్ మెటీరియల్ దుకాణంలో దొరుకుతుంది. అడీనియం (ఎడారి గులాబీ) పెంచేవాళ్లు ఎప్పట్నుంచో వాడుతున్నారు.

అకాడమా గురించి అడిగేవాళ్లు ఎక్కువ. జపాన్‌లోని కాంటో ప్రాంతపు అగ్నిపర్వత మట్టి అది. నీటినీ పోషకాలనూ చక్కగా పట్టి ఉంచుతుంది, తడిగా ఉందో ఎండిందో రంగు చూసి చెప్పేయొచ్చు. అందులో పెట్టిన ఫైకస్ బాగా పెరిగింది, కాదనను. కానీ ఇటుక కంటే ఎన్నో రెట్లు ఖరీదు పెట్టినంత తేడా కనబడలేదు. పైగా కొన్నేళ్లకు గుళికలు చితికి మట్టవుతాయి. జూనిపర్ లాంటి చెట్లకు ఆలోచిస్తానేమో గానీ ఫైకస్‌కి కొనను. పెర్లైట్ (వేడికి ఉబ్బిన తెల్లటి రాతి గుళికలు) తేలిక, కానీ నీళ్లు పోసినప్పుడల్లా పైకి తేలి గాలికి ఎగిరిపోతుంది.

ఇక ఈ మిశ్రమంతో ఇబ్బందులు. దీంట్లో చెట్టుకు తిండి దాదాపు లేదు. పెరిగే కాలంలో పదిహేను రోజులకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున ఇస్తాను, మధ్యలో కాస్త వేపపిండి. ఉప్పు నీళ్ల బోరైతే పైన తెల్లటి పొర కడుతుంది. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మిగతాది పసుపుగా మారితే ఇనుము అందట్లేదని అర్థం, చీలేటెడ్ ఐరన్ (వేళ్లు తేలిగ్గా తీసుకోగలిగే రూపంలోని ఇనుము) ఇస్తే కోలుకుంటాయి. బరువు కూడా తక్కువేం కాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మే నెల: పొద్దున, సాయంత్రం రెండుసార్లు నీళ్లు పడాల్సిందే. ఉద్యోగం మీద ఊళ్లు తిరిగేవాళ్లైతే కోకోపీట్ పాలు రెండు చేసుకుని, కాస్త లోతున్న కుండీ తీసుకోండి. వేళ్లు అంత అందంగా రావు, చెట్టు మాత్రం నిలుస్తుంది.

కుండీలో మిశ్రమం మార్చడానికి మాకు జూన్‌లో తొలకరి పడ్డాక అనువు. వేళ్లు మూడోవంతు వరకు కోసి, చెట్టు కదలకుండా తీగతో కుండీకి కట్టి, వెదురు పుల్లతో ముక్కల్ని వేళ్ల సందుల్లోకి దించి, రెండు మూడు వారాలు నీడన ఉంచితే చాలు.

ఇటుక కొట్టే ఓపిక లేక బోన్సాయ్ మిక్స్ ప్యాకెట్ కొనేవాళ్లు, మొత్తం కుండీలో పోసే ముందు గుప్పెడు గాజు గ్లాసు నీళ్లలో వేసి కలపండి. ఐదు నిమిషాలకు అడుగున అంగుళం బురద పేరుకుంటే, జల్లెడ పని మీకు తప్పలేదన్నమాటే.