కోనసీమ కాలువ గట్ల మీద సైకిల్: కొన్నేళ్లు తిరిగాక

కాకినాడ నుంచి నరసాపురం దాకా, గోదావరి డెల్టాలో సముద్రం వైపు ఊళ్లన్నీ సైకిల్ మీద తిరగడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మొదట గేర్లు లేని 22 అంగుళాల నల్ల సైకిల్, తర్వాత గేర్ల హైబ్రిడ్, ఇప్పుడు మళ్లీ ఆ నల్ల సైకిలే. ఏ బండి కొనాలి, ఏ నెలలో వెళ్లాలి, ఏ దారి పట్టాలి అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఇన్నాళ్ల వాడకం మీద నాకు తోచింది రాస్తున్నాను. తీరిగ్గా, ఆగుతూ, మాట్లాడుతూ సైకిల్ తొక్కడానికి మన తెలుగు నేల మీద ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు. కాకపోతే పెద్ద రోడ్డు వదిలి గట్టెక్కాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది. ఈ పాయల మధ్య నేలే కోనసీమ. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. దాని కింద తవ్విన పెద్ద కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. అందుకే వాటి మీద లాకులు, అంటే నీటిమట్టం పెంచి దించి పడవల్ని దాటించే తలుపులు, కట్టారు. పడవను తాడుతో లాగే మనుషులు నడిచేందుకు గట్టు మీద బాట ఉంచారు. ఇప్పుడు పడవలు తిరగడం లేదు గానీ, ఆ బాటలే చాలాచోట్ల తారురోడ్లో సిమెంటు రోడ్లో అయ్యాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరితోట, దాని వెనక వరిచేను. లాకుల దగ్గర, వంతెనలెక్కే చోట తప్ప కాలికి ఎక్కుడన్నది తెలియదు.

ఫోన్‌లో మ్యాపు పెడితే అది మిమ్మల్ని తిన్నగా 216వ జాతీయ రహదారి మీదకు తీసుకెళ్తుంది. దాన్ని వదిలేయండి. రొయ్యల లారీలు, బస్సులు ఆ రోడ్డు మీద ఆగకుండా పోతుంటాయి, కొన్ని చోట్ల సైకిల్ పక్కకు తీసుకోవడానికి జానెడు చోటు కూడా ఉండదు. యానాం నుంచి ఎదుర్లంకకు దాటే బాలయోగి వంతెన లాంటి చోట్ల ఎలాగూ తప్పదు. మిగతాదంతా గట్లు, పొలాల మధ్య పుంతరోడ్లు పట్టుకుని పోవచ్చు. దారి అడిగితే ఊళ్లోవాళ్లు "గట్టంట ఎల్లిపోండి" అంటారు. ఆ మాట నమ్మి వెళ్లిన ప్రతిసారీ మంచి దారే దొరికింది.

నేల చదునుగా ఉంది కదా అని గాలిని లెక్కచేయకపోతే మాత్రం కష్టం. ఇక్కడ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచే వీస్తుంది కాబట్టి కాకినాడలో బయల్దేరి నరసాపురం వైపు వెళ్తే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది. మార్చికల్లా గాలి దక్షిణానికి, నైరుతికి తిరుగుతుంది. అప్పుడు నరసాపురంలో మొదలుపెట్టి కాకినాడ రావడం మేలు. గేర్ల బండి ఇచ్చిన సుఖం కంటే ఈ చిన్న లెక్క ఇచ్చిన సుఖం ఎక్కువని నిస్సందేహంగా చెప్పగలను. రోజులో కూడా తేడా ఉంటుంది. పొద్దుటి పూట గాలి నెమ్మదిగా ఉంటుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది. ముమ్మిడివరం దగ్గర ఒక పంక్చర్ షాపాయన నా వెనక టైరు బొటనవేలితో నొక్కి చూశారు. తర్వాత తలెత్తి కొబ్బరాకుల వంక చూసి, "గాలెదురండి. టీ తాగి, ఎండ దిగాక ఎల్లండి, ఆయ్" అన్నారు. అప్పటి నుంచి బయల్దేరే ముందు కొబ్బరాకులు ఎటు వాలుతున్నాయో చూడటం నాకూ అలవాటైంది.

నెలల మాటకొస్తే డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా హాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల టెన్షన్ ఉంటుంది. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు పట్టణం, 1839 నవంబరు తుపానులో అది తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు అటు వెళ్తే మడ అడవులు చూడొచ్చు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, నీళ్లు లేని కాలువ పక్కన ఎండలో తొక్కడంలో ఏ సంతోషమూ లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజులు. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వార్త వినగానే ఆ వారం రేవు దాటే ఆలోచన మానుకుంటాను.

ఇక బండి. హైబ్రిడ్ మీద నాకు కోపమేమీ లేదు. తేలిక బండి, వానలో కూడా బ్రేకులు గట్టిగా పడతాయి, వంతెనలెక్కేటప్పుడు ఆయాసం తక్కువ. కానీ ఈ నేలకు అది పూర్తిగా నప్పలేదు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, మిగతా సగంలో గడ్డి పడి ఉంటుంది. ఆ పోచలు వెనక చక్రం దగ్గర గేరు మార్చే చిన్న పళ్ల చక్రాలకు చుట్టుకుంటాయి. దిగి, ఒక్కొక్క పోచా పీకి, చేతులకంటిన నల్ల గ్రీజు గట్టు మీది మట్టితో రుద్దుకుని మళ్లీ ఎక్కాలి. నల్ల సైకిల్‌కు చైను చుట్టూ నిండు కవరుంటుంది, గడ్డి దాని దరికి రాదు. అంతర్వేది, ఓడలరేవు వైపు తరచూ తిరిగితే ఉప్పుగాలికి గేరు కేబుళ్లు బిగుసుకుపోతాయి. అన్నిటికీ మించి, ఏ ఊళ్లోనైనా నల్ల సైకిల్‌కు చక్రం పుల్ల, బేరింగ్ గుళ్లు, బ్రేకు రబ్బర్లు పది నిమిషాల్లో దొరుకుతాయి. గేరు పార్టు విరిగితే కాకినాడో రాజమండ్రో పోవాల్సిందే.

నల్ల సైకిల్‌లో లోపాలు లేవని కాదు. దాదాపు 20 కిలోల బరువు. తడిస్తే రాడ్డు బ్రేకులు సరిగ్గా పట్టవు, వంతెన దిగేటప్పుడు ముందు నుంచే నొక్కుతూ రావాలి. క్రోమ్ రిమ్ములు తుప్పు పడతాయి, తీరం నుంచి తిరిగి రాగానే మంచినీళ్లతో కడిగి నూనె గుడ్డతో తుడవాలి. స్ప్రింగుల సీటు మాత్రం గోతుల్లో నడుమును కాపాడుతుంది. వెనక క్యారేజీ మీద పాత ట్యూబు ముక్కతో సంచీ బిగిస్తే రోజంతా కదలదు. కొత్తగా గేర్ల బండే కొంటామంటే మోటారు సైకిల్‌కు ఉండే లావు వాల్వు ఉన్న ట్యూబులే అడగండి. సన్న వాల్వుకు రోడ్డు పక్క షాపుల్లో గాలి పట్టడం కష్టం.

చూడాల్సిన వాటిలో నేను తప్పకుండా ఆగేది పి.గన్నవరం. అక్కడ కాలువ నది మీదుగా దాటుతుంది. కింద వైనతేయ, పైన అక్విడక్టులో కాలువ నీళ్లు. 49 కమానుల పాత అక్విడక్టు 1850ల నాటిది, దాని పక్కనే 2000లో కొత్తది వచ్చింది. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఆ తల్లిది ఈ మండలంలోని లంకల గన్నవరమే. కారులో పోయేవాళ్లకు ఇది ఒక వంతెన, అంతే. సైకిల్ స్టాండు వేసి పిట్టగోడ దగ్గర నిలబడితే రెండు నీళ్ల రంగుల్లో తేడా, పాత కమానుల రాతి మీద నాచు, కింద వలలు విదిలిస్తున్న చప్పుడు అన్నీ అందుతాయి.

ద్రాక్షారామం ఇంకో దారిలో వస్తుంది. కాకినాడ నుంచి పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కే లోపు చేరొచ్చు. చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయంలో లింగం రెండంతస్తుల ఎత్తు ఉంటుంది, పూజ పై అంతస్తులో జరుగుతుంది. శాసనాలు చెక్కిన రాళ్లను తీరిగ్గా చూడటానికి ఒక గంట ఉంచుకోండి. అక్కడి నుంచి కోటిపల్లి రేవుకు పోయే దారి పక్కనే కాకినాడ–కోటిపల్లి రైలుమార్గం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ పట్టాలు పీకేశారు, మళ్లీ వేసి 2004లో తెరిచారు. కోటిపల్లిలో పంటు (మనుషుల్ని, బండ్లను నది దాటించే పడవ) ఎక్కి ముక్తేశ్వరం దిగితే కోనసీమలో ఉన్నట్టే. యానాం దారి కంటే ఈ దారే నాకిష్టం. అలాగని యానాం వదలొద్దు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగం. గౌతమి ఒడ్డున సాయంత్రం కూర్చోవడానికి బాగుంటుంది.

బాధ కలిగించేవి కూడా చెప్పాలి. పట్టణాల శివార్లలో కాలువ గట్టే చెత్తకుప్ప. పాలిథిన్ సంచులు, కోడి వ్యర్థాలు, కాల్చిన పొగ. నూటా డెబ్బై ఏళ్లుగా మనకు అన్నం పెడుతున్న కాలువను ఇలా చూస్తే మనసు చివుక్కుమంటుంది. రొయ్యల చెరువులు పెరిగిన చోట లారీల బరువుకు గట్టు రోడ్లు కుంగి గోతులు పడ్డాయి, ఉప్పునీళ్లు కారి బురద జారుతుంది. వరి మాత్రమే పండే ఊళ్ల గట్లు ఇంకా నున్నగా ఉన్నాయి. ధాన్యం ఆరబోసిన చోట దిగి నడిపించుకుని వెళ్లండి. అది రైతు ఏడాది కష్టం.

బసకు అమలాపురంలో లాడ్జీలున్నాయి, అంతర్వేదిలో సత్రాలున్నాయి. సైకిల్ మెట్ల కింద పెట్టుకుంటామంటే ఎవరూ కాదనలేదు. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి దర్శనం, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. పంటు మీద మోటారు సైకిళ్లన్నీ ఎక్కాక సైకిల్‌ను అంచు రెయిలింగుకు ఆనించండి, దిగేటప్పుడు ముందుగా బయటపడొచ్చు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతూ కనిపిస్తారు. సన్నని కొక్కెం సూది, ఒళ్లో దారపు ఉండ, కళ్లు ఇరుగుపొరుగు మాటల మీద, వేళ్లు మాత్రం ఆగవు. ఈ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనాలనుకుంటే వాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి.

ఓపికుంటే ఇంకో పది కిలోమీటర్లు కాలువ పట్టుకుని పాలకొల్లు పోవచ్చు. అక్కడ క్షీరారామం గోపురం, డచ్చివాళ్ల పాత సమాధులు ఉన్నాయి. ఆకలేస్తే పెనం మీద ఎర్రగా కాలిన దిబ్బరొట్టె దొరుకుతుంది. తిరుగు ప్రయాణానికి రైలెక్కాలంటే సైకిల్‌ను లగేజీగా బుక్ చేయాలి. పార్శిల్ ఆఫీసు ఏ వేళకు తెరుస్తారో ముందురోజే కనుక్కోండి, సైకిల్ మీద పేరు, ఫోన్ నంబరు అట్టముక్క మీద రాసి రెండుచోట్ల కట్టండి, పెడళ్లకు గోనెసంచి చుట్టండి.