వైట్‌చాపెల్ హత్యల ‘కేసు పెట్టె’ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

దసరా సెలవులకు మనవడు వస్తాడు, ఇద్దరం కూర్చుని బుర్రకు పదును పెట్టుకోవచ్చు అనుకుని 3,499 రూపాయలు పెట్టి ఒక పెట్టె తెప్పించాను. ‘1888 లండన్ వైట్‌చాపెల్ హత్యలు: అసలు కేసు ఫైళ్లు, నిమిషం తేడా రాని సాక్షుల కాలపట్టిక’ అని ప్రకటన. జాక్ ది రిప్పర్ అని పేరుపడి, అసలు ఎవరో నేటికీ తేలని హంతకుడి కేసు ఇది. వచ్చింది కాకిలెక్కల కట్ట. అమ్మినవారి పేరు ఇక్కడ రాయను. ఇదే సరుకు వేరే పేర్లతో కూడా తిరుగుతున్నట్టు కనిపిస్తోంది కాబట్టి పేరు కన్నా సరుకు ఆనవాళ్లు చెప్పడమే మేలు. గోధుమరంగు అట్టపెట్టె, పురికొస ముడి, దానిపై ఎర్ర లక్క ముద్ర, లోపల ముసలి కాగితంలా కనిపించేలా టీ నీళ్లలో ముంచి ఆరబెట్టినట్టున్న నలభై చిల్లర పత్రాలు, ఒక భూతద్దం, ఫోనులో పెట్టుకోవలసిన ‘సాక్షుల పటం’ యాప్‌కు ఒక సంకేత సంఖ్య.

నా సంగతి ఒక్క ముక్క. ముప్పై ఏళ్లు జిల్లా కోర్టులో గుమాస్తాగా పనిచేశాను. సాక్షి చెప్పిన దాంట్లో ‘కానీ’ తర్వాతి భాగాన్ని ఎగరగొడితే కేసు ఎటు తిరుగుతుందో కళ్లారా చూసినవాణ్ని. అందుకే ఈ పెట్టె నన్ను అంత మండించింది.

ఈ పెట్టె ఒక నిర్ణయంతో మొదలవుతుంది. హంతకుడు చార్లెస్ లెచ్‌మియర్ అనే బండివాడట. ఆగస్టు 31 తెల్లవారుజామున బక్స్ రో అనే వీధిలో మేరీ ఆన్ నికోల్స్ శవం పక్కన మొదట కనిపించిన మనిషి ఈయనే. విచారణలో తన పేరు క్రాస్ అని చెప్పాడు. అది మారుతండ్రి ఇంటిపేరు. ఈయనను అనుమానించేవాళ్లు చాలామంది ఉన్నారు. అనుమానించడం తప్పు కాదు, వాదనలో బలం కూడా కొంత ఉంది. చిక్కు ఎక్కడంటే ఆయన ఉదయం నాలుగు గంటలకు బ్రాడ్ స్ట్రీట్‌లో పనిలో ఉండాలి. కాబట్టి సెప్టెంబరు 8న జరిగిన తర్వాతి హత్య కూడా నాలుగింటికి ముందే, పనికి వెళ్లే దారిలోనే జరిగి ఉంటే ఈ వాదనకు ఎంతో సుఖం. ఆ సుఖం కోసం ఈ పెట్టెవాళ్లు ముగ్గురు సాక్షుల పీక నొక్కారు, ఒక డాక్టరు మాటను సగంలో కోశారు, చివరికి సూర్యుణ్ని కూడా వదల్లేదు.

ఆ సెప్టెంబరు 8 ఉదయం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పెట్టె మంచిదో చెడ్డదో తేల్చుకోవడానికి మీకు పనికొచ్చేది ఇదే.

స్పిటల్‌ఫీల్డ్స్‌లో హాన్‌బరీ వీధి, 29వ నంబరు ఇల్లు. పెరటి మెట్ల పక్కన, కంచెకు దగ్గరగా అనీ చాప్‌మన్ శవాన్ని ఆరు గంటల ప్రాంతంలో అదే ఇంట్లో అద్దెకుండే జాన్ డేవిస్ చూశాడు. ఆరున్నరకు పోలీసు డాక్టరు జార్జ్ బ్యాగ్‌స్టర్ ఫిలిప్స్ వచ్చి పరీక్షించి, చనిపోయి కనీసం రెండు గంటలు, బహుశా ఇంకా ఎక్కువే అయి ఉంటుందన్నాడు. అంటే నాలుగున్నర, లేదా అంతకు ముందు. పెట్టెలోని పత్రం ఇక్కడ ముగుస్తుంది. కింద సంతకం కూడా ఉంది! కానీ మరణ విచారణలో డాక్టరు అక్కడ ఆగలేదు. ఆ ఉదయం కాస్త చలిగా ఉందని, రక్తం బాగా పోవడం వల్ల శరీరం త్వరగా చల్లబడి ఉండవచ్చని కూడా చెప్పడం న్యాయమని తనంతట తానే చేర్చాడు. ఆ ముక్క ‘కనీసం రెండు గంటలు’ అన్న మాటనే సడలిస్తుందా, లేక ‘ఇంకా ఎక్కువే’ అన్నదానికి మాత్రమే వర్తిస్తుందా అని నేటికీ తగువు తెగలేదు. నా ఉద్దేశంలో మొత్తాన్నీ సడలిస్తుంది. మా మనవడు ఒప్పుకోడు. ఆ తగువు పడే అవకాశమే మాకు లేకుండా చేశారు, అదీ నా బాధ.

ఇప్పుడు సాక్షులు. 4.45 దాటాక జాన్ రిచర్డ్‌సన్ ఆ పెరటికి వచ్చాడు. ఆ ఇంట్లో కొంత భాగం వాళ్లమ్మ అద్దెకు తీసుకుంది, అంతకుముందు ఎప్పుడో పనిముట్లు దొంగతనం పోయాయి, అందుకని బజారుకు వెళ్తూ నేలమాళిగ తాళం చూసుకుని పోవడం అతని అలవాటు. ఆ రోజు మెట్టు మీద కూర్చుని, కాలికి ఒరుసుకుంటున్న బూటులోంచి తోలు ముక్క కోసుకున్నానన్నాడు. శవం అక్కడ ఉండి ఉంటే అది చేతికి అందేంత దూరం. చీకటి పూర్తిగా విడకపోయినా పెరడంతా కనిపించిందని విచారణలో చెప్పాడు. ఇందులోనూ మెలిక లేకపోలేదు. ఇన్‌స్పెక్టర్ చాండ్లర్‌తో ఆ ఉదయమే మాట్లాడినప్పుడు తోలు కోసిన సంగతి చెప్పలేదు. ఇంటి నుంచి తెచ్చి చూపించిన కత్తి మొద్దుది. అప్పుడు, బజారులో ఇంకో కత్తి అరువు తీసుకుని పని పూర్తి చేశానన్నాడు. తలుపు శవం ఉన్న వైపుకే తెరుచుకుంటుంది కాబట్టి దాని చాటున శవం కనబడలేదేమో అన్నవాళ్లూ ఉన్నారు. వాదించుకోవడానికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? పెట్టెలో మాత్రం రిచర్డ్‌సన్ గురించి ఒకే ఒక్క వాక్యం: ‘మూడుసార్లు మాట మార్చిన అబద్ధాలకోరు’. చాండ్లర్‌తో మాట్లాడినప్పుడు కూడా శవం అక్కడ లేదని కచ్చితంగా చెప్పాడన్నది లేదు. పోలీసులు అతని బట్టలు పరీక్షించి, ఇల్లు సోదా చేసి, అనుమానించడానికి ఏమీ దొరకలేదని చీఫ్ ఇన్‌స్పెక్టర్ స్వాన్‌సన్ తన నివేదికలో రాశాడన్నదీ లేదు.

తర్వాత పక్కింటి ఆల్బర్ట్ కడోష్. ఈయనది 27వ నంబరు ఇల్లు. 5.15కు లేచి, 5.20 ప్రాంతంలో పెరట్లోకి వెళ్లాడు. తిరిగి వస్తుంటే ఎవరో ‘నో’ అనడం వినిపించింది. మూడు నాలుగు నిమిషాలకు మళ్లీ వెళ్తే కంచెకు ఏదో తగిలి పడిన చప్పుడైంది. తొంగి చూడలేదు. పనికి బయలుదేరి స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి ముందు నడిచేటప్పుడు గడియారంలో 5.32 అయింది. (చూసి ఉంటే చరిత్రే మారేది కదా అని మా ఆవిడ అంటుంది. పక్కింటి పెరట్లోకి ప్రతి చప్పుడుకూ తొంగిచూసే మనిషైతే అసలు సాక్షిగా నమ్మేవారే కాదని నేనంటాను.)

చివరగా ఎలిజబెత్ లాంగ్. బజారుకు నడిచి వెళ్తూ 29వ నంబరు ఇంటి దగ్గర ఒక మగవాడూ ఆడమనిషీ మాట్లాడుకోవడం చూసింది. అతను వస్తావా అన్నట్టు అడిగాడు, ఆమె సరేనంది. అప్పుడే బీరు బట్టీ గడియారం 5.30 కొట్టడం విన్నానని ఆమె సాక్ష్యం. మగవాడి ముఖం చూడలేదు, గోధుమరంగు వేటగాళ్ల టోపీ మాత్రం గుర్తుంది. నాలుగు రోజుల తర్వాత శవాగారంలో చూసి, ఆడమనిషి ఈమేనని చెప్పింది.

లెక్క కుదరడం లేదు కదా? కడోష్ విన్న చప్పుడు 5.30కు ముందు. లాంగ్ చూసింది 5.30కు, అప్పటికి మనిషి బతికే ఉంది. మరణ విచారణ జరిపిన అధికారి, కరోనర్ విన్ బ్యాక్స్‌టర్ కడోష్‌ను ఒక పావుగంట జరిపి ముడి విప్పాలని చూశాడు. చర్చి గడియారం 5.32 దానికి అంత సులభంగా ఒప్పుకోదు. లాంగ్ విన్నది పావు గంట కొట్టిన చప్పుడేమో, అంటే ఆమె అక్కడున్నది 5.15కేమో అంటే మాత్రం అన్నీ ఒద్దికగా కూర్చుంటాయి, కానీ ఆమె అరగంటేనని పట్టుబట్టింది. డాక్టరు మాట నిజమైతే లాంగ్ సాక్ష్యాన్ని కొంత సందేహంతో చూడాలని స్వాన్‌సన్ అన్నాడు. జేబు గడియారం అందరికీ లేని రోజులవి. చర్చి గంట, బట్టీ గంట, లేచిన వేళ అంచనా, వీటితోనే కాలం కొలుచుకున్నారు. పది నిమిషాల తేడా అబద్ధానికి గుర్తు కాదు. ఈ పెట్టె మాత్రం కడోష్ 5.20నీ, లాంగ్ 5.30నీ ఎదురెదురుగా అచ్చేసి, ‘ఇద్దరూ కల్పించారు’ అని ఎర్ర సిరా ముద్ర గుద్దింది. 5.32 ఎక్కడా లేదు. నలభై చిల్లర పత్రాలూ మూడుసార్లు తిరగేశాను.

సూర్యుడి సంగతి అన్నాను కదా. పట్టికలో ఆ రోజు సూర్యోదయం 6.24 అని ఉంది. ‘5.30కు చిమ్మచీకటి, లాంగ్ ఏమీ చూసి ఉండదు’ అని దాని పక్కనే వ్యాఖ్య. ఇది చూసి ముందు నేను కూడా తల ఊపాను. మనవడు పట్టుకున్నాడు. ఇప్పటి లండన్ సూర్యోదయ పట్టిక చూసి దించేశారు తాతయ్యా అన్నాడు. బ్రిటన్‌లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం మొదలైంది 1916లో. 1888లో అది లేదు. ఆ రోజు సూర్యోదయం సుమారు 5.23కు. లాంగ్ వెళ్లింది చీకట్లో కాదు, తెల్లవారాక. రిచర్డ్‌సన్ వచ్చింది సూర్యోదయానికి అరగంట పైన ముందు, వెలుగు పరుచుకునే వేళలో. ఒక్క గంట జరిపితే ఇద్దరు సాక్షులు గుడ్డివాళ్లయిపోయారు.

ఇక ‘అసలు ప్రతి నకలు’. సెప్టెంబరు 8 తేదీతో ఒక పోలీసు నివేదిక ఉంది, దాని తల మీద ‘జాక్ ది రిప్పర్ వ్యవహారం’ అని శీర్షిక. ఆ పేరు మొదట వచ్చింది సెప్టెంబరు 25 తేదీ వేసి, 27న సెంట్రల్ న్యూస్ ఏజెన్సీకి చేరిన ఉత్తరంలో. జనానికి తెలిసింది అక్టోబరు మొదట్లో. చాప్‌మన్ హత్య నాటికి వీధుల్లో నలుగుతున్న పేరు ‘లెదర్ ఆప్రన్’. దాదాపు మూడు వారాల తర్వాత పుట్టబోయే పేరును ముందే రాసిన ఆ పోలీసు ఎవరో గాని, హంతకుణ్ని కూడా పట్టేసి ఉంటే బాగుండేది.

బక్స్ రో విషయంలో ఎక్కువ చెప్పను. బండివాడు ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాడన్నది పత్రికల్లో రెండు రకాలుగా వచ్చింది, కొన్నింట్లో 3.30, కొన్నింట్లో 3.20. శవం దగ్గరికి రెండో మనిషి వచ్చింది 3.45 ప్రాంతంలో. 3.20 తీసుకుంటే మధ్యలో దొరికే వ్యవధి అమాంతం పెరుగుతుంది. పెట్టెలో ఏ అంకె ఉందో మీకు చెప్పనక్కరలేదు, 3.30 అన్న ఊసు కూడా లేదు.

ఫిర్యాదుకు ఫోన్ చేస్తే, ముద్ర విప్పిన పెట్టెను వెనక్కి తీసుకోలేమన్నారు. ముద్ర విప్పకుండా లోపల తప్పులున్నాయని ఎలా తెలుస్తుందమ్మా అని అడిగాను. ‘సార్, పెట్టె అడుగున చూడండి’ అన్నది అవతలి అమ్మాయి. వాళ్లిచ్చిన భూతద్దంతోనే చూశాను: ‘వినోదం కోసం మాత్రమే’. ప్రకటనలో ఆ మాట లేదు. ఈ-కామర్స్ వినియోగదారుల నియమాలు, 2020 ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఆ మాట రాసి మెయిల్ పెట్టాను, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు కూడా ఫిర్యాదు చేశాను. ప్రకటన తెర చిత్రం దాచుకోవడం వల్ల పని సులువైంది, మీరూ కొనే రోజే తీసి పెట్టుకోండి.

ఇంకో ఉచ్చు ఉంది, అసలు జాగ్రత్త పడాల్సింది దీని దగ్గరే. ‘సాక్షుల పటం’ యాప్ తెరిచేటప్పుడు ఒక్క రూపాయి కట్టమంటుంది. ఆ రూపాయితో పాటు నెలకు 299 చొప్పున యూపీఐ ఆటోపే అనుమతి కూడా ఇచ్చేస్తాం. నాకు రెండు నెలలు తెలియలేదు. యాప్ తీసేస్తే అది ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి ఆ మాండేట్‌ను రద్దు చేయాలి. ఇప్పటికే కొన్నవారు ముందు ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి.

ఇలాంటి పెట్టెలన్నీ చెడ్డవని నేననను. చాప్‌మన్ విచారణ పత్రికల్లో వివరంగా వచ్చింది, పోలీసు కాగితాలు మిగిలినవి లండన్ కియూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నిజాయితీగా కూర్చేవాడికి సరుకు కొదవ లేదు. కాబట్టి డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లను ఒకే ప్రశ్న అడగండి: ఆల్బర్ట్ కడోష్ చర్చి ముందు నుంచి ఎన్ని గంటలకు వెళ్లాడు, ఆ అంకె మీ పట్టికలో ఉందా? నేను కొన్న తర్వాతైనా అడిగాను. ఆ అమ్మాయి ఎవరినో కనుక్కుని రెండు నిమిషాల్లో మళ్లీ లైనులోకి వచ్చింది.

‘సార్, అది రెండో పెట్టెలో వస్తుంది. 2,999 మాత్రమే.’